పరీక్ష రాసినవారికి ఫలితం చెప్పవద్దా?

గత విద్యా సంవత్సరంలో మన కళాశాల సభామందిరంలో వ్యక్తిత్వ వికాసాన్ని గురించి ఒక ప్రసంగం జరిగింది. వక్త మంచి వాగ్ధాటి కలవారు. వారు చెప్పిన కథలలో ఒకటి చాలామంది విద్యార్థులకు ఇప్పటికీ జ్ఞాపకం ఉండే ఉంటుంది. అమెరికాలో ఒక శాస్త్రజ్ఞుడు నాలుగైదేళ్ళ పిల్లలను ఒక్కొక్కరినే గదిలో కూర్చోబెట్టి, ఎదుట ఒక మిఠాయి ఉంచి, "నేను తిరిగి వచ్చేవరకు దీనిని తినకుండా ఉంటే రెండు ఇస్తాను" అని చెప్పి బయటికి వెళ్ళాడట. ఓపిక పట్టిన పిల్లలు పెద్దయ్యాక చదువులో రాణించారట. ఓపిక పట్టలేనివారు వెనుకబడ్డారట. "మీ భవిష్యత్తు మీ నాలుక మీద ఉన్నది" అని వక్త ముగించగానే చప్పట్లతో మందిరం మారుమోగింది.

సభ ముగిసిన తరువాత బి.ఏ. మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు వరండాలో నా దగ్గరకు వచ్చి, తల వంచుకొని అడిగాడు: "సార్, మా ఇంట్లో తినేది ఏదైనా వస్తే అప్పుడే తినేస్తాం. ఆగితే మిగలదు. అయితే మేము పైకి రాలేమా?"

అతని తండ్రి మన కళాశాల కిటికీలోంచి కనిపించే ఎత్తైన కట్టడాలలో సెంట్రింగు పనికి వెళ్తాడు. ఇంట్లో అయిదుగురు పిల్లలు. ఆనాడు నేను ఏదో ధైర్యవచనం చెప్పి పంపించాను కాని, అది సమాధానం కాదని నాకే తెలుసు. తెలుగు సాహిత్యం చదువుకున్నవాడిని గనుక ఈ శాస్త్రంతో నాకు పరిచయం తక్కువ. ఆ ప్రశ్న కారణంగా తరువాత కొన్ని నెలలు గ్రంథాలయంలో కూర్చొని చదివాను. ఆ చదువులో తెలిసిన సంగతులను విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడం ఈ వ్యాసం ఉద్దేశం. వాటితోపాటు ఒక చిన్న విన్నపం కూడా ఉన్నది.

మనిషి ఎందుకు పొదుపు చేస్తాడు, ఎందుకు అప్పు చేస్తాడు, ఇచ్చిన మాట ఎప్పుడు నిలుపుకొంటాడు, ఎప్పుడు తప్పుతాడు అనే ప్రశ్నలను ఊహలతో సరిపెట్టుకోకుండా, పరిశీలన చేసి, లెక్క కట్టి తేల్చడానికి ప్రయత్నించే శాస్త్రాన్ని ప్రవర్తనా శాస్త్రం అంటున్నారు. ఈ రంగానికి ఇటీవల గొప్ప ఆదరణ లభించింది. 2017లో రిచర్డ్ థేలర్‌కు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2018-19 ఆర్థిక సర్వేలో ఒక అధ్యాయాన్నే దీనికి కేటాయించింది. విమానాశ్రయాలలోని పుస్తకాల దుకాణాలలో ఈ శాస్త్రం మీద వచ్చిన గ్రంథాలు వరుసలు తీరి ఉంటాయి. వాటి సారాంశం ఉపన్యాసాలుగా, చిన్న చిన్న వీడియోలుగా మన విద్యార్థుల చేతిలోని ఫోనుకు చేరుతున్నది. మిఠాయి కథ కూడా అలా చేరినదే.

ఆ కథలో అబద్ధం లేదు. వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1960ల చివర, 1970ల మొదట స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని శిశు పాఠశాలలో ఆ పరీక్షలు జరిపాడు. అయితే ఆ పిల్లలలో ఎక్కువమంది విశ్వవిద్యాలయంతో సంబంధమున్న కుటుంబాలవారు. మన వక్త చెప్పని తరువాతి సంగతులు రెండు ఉన్నవి. 2013లో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు ప్రకటించిన ప్రయోగంలో 28 మంది పిల్లలను రెండు జట్లుగా విభజించారు. మిఠాయి పెట్టడానికి ముందు ఒక జట్టుకు రంగుల పెన్సిళ్ళ వంటివి తెస్తామని చెప్పి, చెప్పినట్లే తెచ్చి ఇచ్చారు. రెండవ జట్టుకు అదే మాట చెప్పి, తరువాత వట్టి చేతులతో తిరిగి వచ్చారు. మాట నిలుపుకొన్న మనిషిని చూసిన పిల్లలు మిఠాయి ముందు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవారు 3 నిమిషాలే ఆగారు. అంటే ఆగకపోవడానికి నాలుక చాపల్యం ఒక్కటే కారణం కాదు. ఎదుటివారి మాట మీద నమ్మకం ఉన్నదా లేదా అన్నది కూడా కారణమే. ఇక 2018లో టైలర్ వాట్స్, ఆయన సహచరులు తొమ్మిది వందల మందికి పైగా పిల్లల వివరాలు తీసుకొని పాత నిర్ణయాన్ని మళ్ళీ పరీక్షించారు. మొదట చెప్పినంత బలమైన సంబంధం వారికి కనబడలేదు. తల్లి చదువు, ఇంటి ఆదాయం, ఇంటి వాతావరణం వంటివి లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆ మిగిలిన సంబంధం కూడా చాలావరకు తరిగిపోయింది.

ఆ విద్యార్థికి నేను ఆనాడే చెప్పవలసిన సమాధానం ఇది. "ఆగితే మిగలదు" అన్నది అతని అనుభవం. అనుభవాన్ని బట్టి నడుచుకోవడం బుద్ధిహీనత కాదు. కాని మొదటి వార్త సముద్రాలు దాటి మన సభామందిరానికి వచ్చినంత వేగంగా సవరణ రాలేదు. నష్టపోయినది ఎవరు? తన పేదరికాన్ని తన స్వభావ దోషమని నమ్మి, తల వంచుకొని ఇంటికి వెళ్ళిన పిల్లవాడు.

ఇలాంటి సవరణలు ఒకటి రెండు కావు. 2015లో అనేక దేశాల పరిశోధకులు కలిసి మనస్తత్వ శాస్త్ర పత్రికలలో అచ్చయిన 100 ప్రయోగాలను మళ్ళీ చేసి చూడగా, వాటిలో నూటికి నలభై కూడా మొదటి ఫలితాన్ని స్పష్టంగా ఇవ్వలేదు. దరఖాస్తు ఫారం అడుగున కాక పైభాగాన సంతకం పెట్టిస్తే జనం నిజం చెబుతారని 2012లో ఒక పరిశోధన ప్రసిద్ధి పొందింది. 2020లో ఆ రచయితలే మళ్ళీ ప్రయత్నించి ఆ ఫలితం రావడం లేదని ప్రకటించారు. మరుసటి సంవత్సరం అందులోని కొన్ని అంకెలు కల్పితమని తేలి, ఆ వ్యాసాన్నే పత్రిక ఉపసంహరించుకొన్నది. నిజాయితీని గురించి చేసిన పరిశోధనకే ఈ గతి పట్టడం విచారకరం. అయినా దీనిని బట్టి శాస్త్రమంతా బూటకమని నిర్ణయించడం తొందరపాటు అవుతుంది. తప్పును పట్టుకొన్నది కూడా అదే శాస్త్రం.

ఇంతవరకు చెప్పినవి పరదేశపు సంగతులు. చదువుతూ పోయినకొద్దీ నన్ను ఆశ్చర్యపరచిన విషయం మరొకటి ఉన్నది. ఈ శాస్త్రానికి ప్రపంచ ప్రసిద్ధి తెచ్చిన పరిశోధనలలో కొన్ని మన గడ్డ మీద, మన మనుషుల మీద జరిగినవే. పరీక్షకు కూర్చున్నది మనమే. ఫలితాలు చదివినది మాత్రం ఇతరులు.

మొదటిది కాకినాడ ప్రయోగం. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మెక్లెలాండ్, ఏదైనా సాధించవలెనన్న తపన సమాజాలను ముందుకు నడిపిస్తుందని 1961లో ఒక గ్రంథం రాశాడు. ఆ తపనను శిక్షణతో పెంచవచ్చునా అని పరీక్షించడానికి ఎంచుకొన్న పట్టణాలలో ముఖ్యమైనది కాకినాడ. 1964లో అక్కడి వ్యాపారులను జట్లు జట్లుగా హైదరాబాదుకు రప్పించి, యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో పది రోజులపాటు శిక్షణ ఇచ్చారు. ఈనాడు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా పిలువబడుతున్నది అదే. బొమ్మలు చూసి కథలు రాయడం, ఆటలలో తమ సాహసాన్ని తామే కొలుచుకోవడం, రాబోయే రెండేళ్ళకు లక్ష్యాలు రాసుకోవడం ఆ శిక్షణలోని భాగాలు. పోలిక కోసం రాజమండ్రి వ్యాపారులను గమనించారు. తరువాతి రెండేళ్ళలో శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది కొత్త పెట్టుబడులు, కొత్త వ్యాపారాలు, కొత్త ప్రయత్నాలతో చురుకుగా కనిపించారు. శిక్షణ లేనివారిలో అలాంటివారు నాలుగవ వంతు వరకే ఉన్నారు. డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్లెలాండ్ 1969లో ఈ వివరాలను గ్రంథంగా ప్రకటించాడు.

ఆ గ్రంథం చెప్పిన రెండు మాటలు మనకు ముఖ్యం. సంప్రదాయ విశ్వాసాలు మనిషి ఎదుగుదలకు అడ్డుగోడలని ఆ రోజులలో చాలామంది పండితులు భావించేవారు. కాకినాడలో అది రుజువు కాలేదు. తమ ఆచారాలు తాము పాటిస్తూనే ఆ వ్యాపారులు ముందుకు సాగారు. రెండవది, శిక్షణ ఫలించినది ప్రధానంగా తమ వ్యాపారంలో నిర్ణయాధికారం తమ చేతిలోనే ఉన్నవారి విషయంలో. అధికారం మరొకరి చేతిలో ఉన్నప్పుడు ఎంత తపన ఉన్నా అది కార్యరూపం ధరించడం కష్టం. "మైనారిటీ విద్యార్థులకు పట్టుదల తక్కువ" అని అలవోకగా అనేవారికి, పట్టుదల మీద ఉపన్యాసం చెప్పిస్తే చాలునని భావించేవారికి ఈ రెండు మాటలలోనూ సమాధానం ఉన్నది. తపన కావలెను. దానిని ఉపయోగించుకొనే అవకాశం కూడా చేతిలో ఉండవలెను.

రెండవ పరిశోధన హైదరాబాదు బస్తీలలో జరిగింది. బస్తీ స్త్రీలు ఆరుగురు మొదలు పదిమంది వరకు ఒక జట్టుగా చేరితే, ఒకరికొకరు పూచీ పడగా, ఒక్కొక్కరికి మొదట పది వేల రూపాయల అప్పు ఇచ్చి, వారం వారం 50 వారాలలో తిరిగి కట్టించుకొనే సూక్ష్మ రుణాలు మన పాఠకులలో చాలామందికి తమ ఇళ్ళలోనే తెలిసినవి. ఈ అప్పు పేదరికాన్ని తొలగించే మంత్రదండమని ఆ రోజులలో ప్రపంచమంతటా ప్రచారం జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, రేచెల్ గ్లెనెర్‌స్టర్, సింథియా కినన్ దీనిని పరీక్షకు పెట్టారు. స్పందన అనే రుణ సంస్థ సహకారంతో 2005లో 104 బస్తీలను ఎంపిక చేసి, లాటరీ పద్ధతిలో 52 బస్తీలలో ముందుగా అప్పులు ప్రారంభింపజేసి, మిగిలిన 52ను పోలిక కోసం ఉంచారు. లాటరీ ఎందుకంటే, అప్పు ఇచ్చేవారు తమకు నచ్చిన బస్తీలను ఎంచుకొంటే తరువాత కనిపించిన మార్పు అప్పు వలన వచ్చినదా, ఆ బస్తీ ముందే మెరుగ్గా ఉండడం వలన వచ్చినదా అన్నది తేలదు. ఏడాదిన్నర లోపున ఆరు వేలకు పైగా కుటుంబాలను ప్రశ్నించారు.

ఫలితాలు ఇటు ప్రచారకులను, అటు విమర్శకులను కూడా తృప్తిపరచలేదు. అప్పు గుమ్మం ముందుకు వచ్చిన బస్తీలలోనూ సూక్ష్మ రుణం తీసుకొన్న కుటుంబాలు నాలుగవ వంతుకు కొంచెం పైన మాత్రమే. కుటుంబం మొత్తం ఖర్చు, అంటే జీవన ప్రమాణం, సగటున పెరగలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంటి నిర్ణయాలలో స్త్రీ మాట చెల్లుబాటు కావడంలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవారు దానిలో మరికొంత పెట్టుబడి పెట్టారు. ఇంటికి, వ్యాపారానికి పనికివచ్చే మన్నికైన వస్తువులు కొన్నారు. అందుకోసం పొగాకు, తమలపాకులు, మద్యం, బయటి చిరుతిండి వంటి వాటి మీద ఖర్చు తగ్గించుకొన్నారు.

ఈ చివరి వాక్యం దగ్గర విద్యార్థులు ఒక్క నిమిషం ఆగవలసిందిగా కోరుతున్నాను. పేదవాడి చేతిలో డబ్బు పడితే దుబారా చేస్తాడన్న మాట మనం పుట్టినప్పటి నుంచి వింటున్నాము. ఒక కుట్టు మిషనో, ఒక తోపుడు బండో చేతికి అందే దారి కనిపించినప్పుడు, హైదరాబాదు బస్తీలలోని కుటుంబాలు తమ చిన్న చిన్న సరదాలను తామే తగ్గించుకొన్నాయని ఈ పరిశోధన చెబుతున్నది. మిఠాయి ముందు ఆగగలిగే శక్తి వారికి ఉన్నది. రెండవ మిఠాయి నిజంగా వస్తుందన్న నమ్మకమే కావలసినది. దీనికి మరో వైపు కూడా ఉన్నది. అప్పు ఒక్కటే మనిషిని పేదరికంలోంచి బయటపడవేయలేదు. వసూళ్ళ ఒత్తిడి గురించి, ఆత్మహత్యల గురించి వార్తలు వచ్చిన తరువాత 2010 అక్టోబరులో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మ రుణ సంస్థల మీద ఆర్డినెన్సు తీసుకురావలసి వచ్చింది. ఈ పరిశోధన పూర్తి రూపంలో 2015లో అమెరికాలోని ఒక ఆర్థిక శాస్త్ర పత్రికలో అచ్చయినది. ఇలాంటి ప్రయోగ పద్ధతిని పేదరిక నిర్మూలనకు ఉపయోగించినందుకు 2019లో బెనర్జీ, డుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

మూడవది మన పల్లెల పాఠశాలలకు సంబంధించినది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008 నుంచి నాలుగేళ్ళపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాలలో దీనిని నిర్వహించారు. సర్కారు బడి పిల్లలలో కొందరికి లాటరీ ద్వారా ప్రైవేటు బడిలో ఉచితంగా చదివే అవకాశం కల్పించారు. నాలుగేళ్ళ తరువాత చూస్తే తెలుగులో, లెక్కలలో ఆ పిల్లలకూ సర్కారు బడిలోనే ఉండిపోయిన పిల్లలకూ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడి పిల్లలు స్పష్టంగా ముందున్నారు. అయితే ప్రైవేటు బడులు తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయం ఇచ్చి కూడా అదే ఫలితం సాధించాయి. పైగా ఒక్కొక్క విద్యార్థి మీద వాటి ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడవ వంతుకు మించలేదు. ఈ ఒక్క పరిశోధనలోంచి ఎవరికి నచ్చిన వాక్యాన్ని వారు ఏరుకొని వాదించవచ్చు. ప్రైవేటు బడిలో ఎక్కువ నేర్పరని ఒకరు, తక్కువ ఖర్చుతో నేర్పుతారని మరొకరు అనవచ్చు. రెండూ నిజమే. మన పరిసరాలలో ఎందరో తల్లిదండ్రులు కడుపు కట్టుకొని ఫీజులు చెల్లిస్తున్నారు. ఆ రెండు వాక్యాలూ కలిపి వారికి ఎవరైనా చదివి వినిపించారా?

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పుకోవలెను. మన విద్యార్థిని ఒకరి తల్లిని కలిసినప్పుడు మాటల మధ్య ఈ పరిశోధనల ప్రసక్తి వచ్చింది. కొన్నేళ్ళ క్రితం తమ బస్తీకి కూడా ఎవరో వచ్చి, ఇంట్లో ఎందరు, ఎంత అప్పు, ఏమి తింటారు అని గంటసేపు అడిగి కాగితాల మీద రాసుకొని వెళ్ళారని ఆమె చెప్పింది. తరువాత ఏమైందని అడిగాను. ఆమె నవ్వి మన దక్కనీలో ఒక్క మాట అన్నది: "పూఛ్ కే గయే, ఫిర్ ఆకే బోలే నై." అడిగి వెళ్ళారు, మళ్ళీ వచ్చి చెప్పలేదు అని ఆ మాటకు అర్థం. నా ఫిర్యాదు అంతా ఆ తల్లి ఒక్క వాక్యంలో చెప్పింది.

పరిశోధకులను నిందించడం నా అభిమతం కాదు. వారు తమ పని తాము చేశారు. తమ శాస్త్రానికి అలవాటైన భాషలో, తమ తోటివారు చదివే పత్రికలలో ప్రకటించారు. ఆ తరువాతి పని మనది. అమానత్ అనే మాట మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒకరు నమ్మి అప్పగించిన దానిని భద్రంగా తిరిగి వారికి చేర్చడం దాని భావం. బస్తీ స్త్రీలు తమ ఇంటి గుట్టు విప్పి చెప్పిన జవాబులలోంచి పుట్టిన జ్ఞానం కూడా అమానతే. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలిగి, తెలుగులోనో ఉర్దూలోనో చెప్పగలిగిన ప్రతి విద్యావంతుడి మీద దానిని తిరిగి చేర్చే బాధ్యత ఉన్నది.

ఈ బాధ్యతను మనం ఉపేక్షించినంత మాత్రాన ఆ జ్ఞానం వృథాగా పడి ఉండదు. దానిని శ్రద్ధగా చదివేవారు ఉన్నారు. మన పుప్పాలగూడనే చూడండి. ఇటు మణికొండ, అటు నార్సింగి, పక్కనే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. ఒకనాడు రాళ్ళగుట్టలున్న చోట ఈనాడు అద్దాల మేడలు వెలిశాయి. మనిషి ఏ రంగు బొత్తాము నొక్కుతాడు, ఎప్పుడు తొందరపడతాడు, ఏ మాటకు సిగ్గుపడి "సరే" అంటాడు అన్న లెక్కలు నేటి ఫోను వ్యాపారానికి ముడిసరుకు. "ఇంకా రెండే మిగిలాయి" అని లేని తొందర కల్పించడం, అడగని వస్తువును బిల్లులో చేర్చడం, చందాలో చేరడం సులభంగాను, వదిలించుకోవడం దుర్లభంగాను ఏర్పాటు చేయడం ఇలాంటి లెక్కల ఫలమే. వీటికి డార్క్ ప్యాటర్న్‌లని పేరు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇటువంటివి 13 రకాలను గుర్తించి, వాటిని నిషేధిస్తూ మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. అంతకు మూడేళ్ళ ముందు, 2020 డిసెంబరులో, తక్షణ రుణాల యాప్‌ల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకోగా హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు.

ఈ మేడలలో పనిచేసేవారంతా మోసగాళ్ళని నా భావం కాదు. వారిలో మన పూర్వ విద్యార్థులు కూడా ఉన్నారు. నేను చెప్పదలచినది ఒకటే. మనిషి బలహీనతను గురించిన జ్ఞానం అమ్మేవాడి దగ్గర మాత్రమే ఉండి, కొనేవాడి దగ్గర లేకపోతే ఆ బేరం ధర్మమైన బేరం కాదు. తరాజులో ఒక వైపే రాయి వేసినట్లు అవుతుంది.

ఇదే జ్ఞానాన్ని ప్రజలకు ఉపయోగపడేటట్లు వాడవచ్చుననడానికి కూడా మన తెలంగాణలోనే ఉదాహరణ ఉన్నది. 2018లో రైతుబంధు చెక్కుల పంపిణీ జరిగినప్పుడు, లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన మండలాల అధికారులకు ముందుగా ఒక మాట తెలియజేశారు: చెక్కు అందిందా లేదా అని రైతులకే ఫోను చేసి అడుగుతాము అని. అంతే. ఆ మండలాలలో చెక్కు అందిన రైతుల సంఖ్య ఒకటిన్నర శాతం మేరకు పెరిగింది. చూడడానికి చిన్న అంకె. అందుకు అయిన ఖర్చు అంతకన్నా చాలా చిన్నది. సామాన్యుడిని పిలిచి "నీకు అందిందా?" అని అడగడంలోనే ఒక శక్తి ఉన్నదని దీనివలన తెలుస్తున్నది.

ఇవి మన పాఠ్యప్రణాళికలో లేవు కదా, పరీక్షలకు పనికిరావు కదా అని కొందరు అనవచ్చు. శాస్త్ర విషయాలు దేశభాషలలో చెబితే పలచబడతాయని మరికొందరు అనవచ్చు. ఈ ఆక్షేపణకు మన హైదరాబాదు చరిత్రే జవాబు చెబుతుంది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు ఈ నగరంలోనే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్రను, ప్రకృతి శాస్త్రాలను తెలుగువారి ఇళ్ళకు చేర్చారు. 1917లో ఇక్కడే అనువాద విభాగం ఏర్పడి, మరుసటి సంవత్సరం ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉర్దూలో శాస్త్ర గ్రంథాలు సమకూర్చింది. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో బోధించిన గడ్డ ఇది. 1968లో తెలుగు అకాడమి నెలకొన్నది. రెండు భాషలలోనూ ఇంతటి సంప్రదాయం ఉన్న నగరంలో, రెండు భాషలూ నేర్పే కళాశాలలో, నాలుగు పరిశోధనల సారాంశం చెప్పుకోలేమా?

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. వచ్చే సంవత్సరం నుంచి ఈ వార్షిక సంచికలో ఎనిమిది పుటలు, తెలుగుకు నాలుగు, ఉర్దూకు నాలుగు, ఇటువంటి వార్తలకు కేటాయించవలెను. మన ప్రాంతంలో, మనవంటి మనుషుల మీద జరిగిన పరిశోధనలకు అందులో ప్రథమ స్థానం ఇవ్వవలెను. అర్థశాస్త్ర విద్యార్థులు వివరాలు సేకరించగా, తెలుగు, ఉర్దూ విద్యార్థులు వాటిని రాయవచ్చు. అచ్చయిన తరువాత ఆ పుటలను పట్టుకొని విద్యార్థులు ఏడాదికి రెండు సార్లయినా పక్క బస్తీలకు వెళ్ళి చదివి వినిపించవలెను. దీనికి పెద్ద ఖర్చు లేదు. సమయం, శ్రద్ధ చాలు.

రాసే విద్యార్థులకు మూడు నియమాలు సూచిస్తున్నాను. ఎంతమంది మీద, ఎక్కడ, ఎప్పుడు జరిగిందో చెప్పకుండా ఏ ఫలితాన్నీ రాయవద్దు. ఇరవై ఎనిమిది మంది పిల్లల మీద జరిగినదానికి, ఆరు వేల కుటుంబాల మీద జరిగినదానికి ఒకే బరువు ఉండదు. నేను పైన మెచ్చుకొని చెప్పిన కిడ్ పరిశోధన కూడా ఈ నియమానికి లోబడినదే. రెండవది, తరువాత ఎవరైనా మళ్ళీ పరీక్షించారా అని వెదకి, సవరణ ఉంటే దానిని కూడా అదే పుటలో వేయవలెను. మూడవది, మనకు నచ్చని ఫలితాన్ని దాచవద్దు. సర్కారు బడిని అభిమానించేవాడు ఖర్చుల లెక్కను, ప్రైవేటు బడిని అభిమానించేవాడు మార్కుల లెక్కను మింగివేస్తే, మిఠాయి కథ సగమే చెప్పిన వక్తకూ మనకూ భేదం ఉండదు.

వరండాలో నన్ను ఆపిన ఆ విద్యార్థిని ఈ మధ్య పిలిచి, తెలుసుకొన్నదంతా చెప్పాను. రెండు జట్ల పిల్లల కథ విన్న తరువాత కొంతసేపు ఆలోచించి, "అయితే సార్, మొదట మారవలసింది మిఠాయి పెట్టినవాళ్ళు" అన్నాడు. తల ఎత్తి అన్నాడు. ఈ సంచికకు ఆ పుటలు మంజూరైతే తెలుగు భాగంలో మొదటి వ్యాసం అతనిచేతనే రాయించవలెనని నా కోరిక. తాను రాసిన పుటలను ముందుగా తన బస్తీలోనే చదివి వినిపిస్తానని అతను మాట ఇచ్చాడు. అతను మాట నిలుపుకొంటాడు. కమిటీ పెద్దలు కూడా నిలుపుకోగల మాట ఇస్తారని ఆశిస్తున్నాను.